మాట జారిపోకుండా: అరఠావు కాగితాల నాటి విశాఖ కథారచన

దస్తా అంటే 24 ఠావులు, అంటే పెద్ద కాగితాలు. ఠావుని మధ్యకి చింపితే రెండు అరఠావులు. అంటే దస్తాకి 48 అరఠావులు. వారపత్రికలో నాలుగు పేజీలు వచ్చే కథకి చేతిరాతలో పది, పన్నెండు అరఠావులు పట్టేవి. చిత్తుకి పన్నెండు, సాపుకి (తుది రాతకి) పన్నెండు, దాచుకునే నకలుకి ఇంకో పన్నెండు. కొట్టివేతలకి, మొదటి పేరా కుదరక నలిపి పారేసినవాటికి మిగతావి. లెక్క చూస్తే ఒక కథకి ఒక దస్తా. విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ కథలు రాసినవాళ్లకి నెలసరి సరుకుల చీటీలో ఉప్పూ పప్పూ పక్కన దస్తా కూడా ఉండేది.

కాగితం కొనగానే రాయడానికి కూర్చునేవారు కాదు. ఎడమవైపు రెండంగుళాలు లోపలికి మడిచి, గోటితో గీరి, మళ్లీ విప్పాలి. ఆ గీతే మార్జిన్. పత్రికలో ఎడిటరు గుర్తులు పెట్టుకోవడానికీ, అచ్చుకూర్పు చేసేవాళ్లకి సూచనలు రాయడానికీ ఆ జాగా. మార్జిన్ వదలని కథ పక్కకి పోయిందంటే తప్పు పత్రికవాళ్లది కాదు. కాగితానికి ఒకవైపే రాయాలి. రెండోవైపు రాస్తే సిరా ఇవతలికి ఊరుతుంది, పైగా కంపోజింగు దగ్గర కాగితాలు విడదీసి పంచుకుంటే వెనకవైపు కథ గల్లంతవుతుంది.

ఈ ఊళ్లో ఇంకో బాధ ఉంది. సముద్రపు గాలి. మహారాణిపేట, చినవాల్తేరు, జాలారిపేట వైపు ఇళ్లలో వానాకాలం వచ్చేసరికి కాగితం చెమ్మ పీల్చి మెత్తబడిపోతుంది. ఫౌంటెన్ పెన్నుతో రాస్తే అక్షరం చుట్టూ సిరా నూగులా పాకుతుంది. ఒత్తు, వట్రసుడి కలిసిపోయి మచ్చ అవుతాయి. గుండుసూది గుచ్చితే పది పదిహేను రోజుల్లో తుప్పు మరక కాగితం మీదికి దిగుతుంది. అందుకే ఇక్కడివాళ్లు సూదుల జోలికి పోకుండా మూలన చిల్లుపెట్టి దారంతో కట్టేవారు, లేదా కోర్టు కాగితాలకి వాడే ట్యాగు వేసేవారు. దస్తాని రేకు పెట్టెలో, అడుగున పాత వార్తాపత్రిక వేసి ఉంచితే చెమ్మ తగ్గుతుంది. బీరువాలో గోడకి ఆనించి పెడితే మాత్రం గోడ చెమ్మంతా కాగితంలోకే.

కార్బన్ కాపీ తీయడం ఒక పని. పైన సాపు కాగితం, కింద నల్లవైపు నేలని చూసేలా కార్బను, దాని కింద నకలు కాగితం. మూడూ అంచులు కలిపి పైన క్లిప్పు పెట్టాలి. క్లిప్పు లేకుండా రాస్తే నాలుగో లైనుకల్లా కింది కాగితం ఏటవాలుగా జరిగిపోతుంది. కార్బన్ తిరగేసి పెట్టారా, పేజీ అంతా రాశాక కింద ఏమీ ఉండదు, పై కాగితం వెనకాల అద్దంలో బొమ్మలా తిరగబడ్డ అక్షరాలుంటాయి. ఇది కనీసం ఒక్కసారైనా చెయ్యని కథకులు తక్కువ. ఫౌంటెన్ పెన్ను నొక్కితే పాళీ విచ్చుకుంటుంది కాబట్టి కార్బన్ పెట్టినప్పుడు బాల్‌పెన్నే వాడాలి. చేత్తో రాస్తే రెండో ప్రతి బాగా వస్తుంది, మూడోది కళ్లకి శ్రమ. ఒక కార్బన్ ఆరేడు పేజీలు ఆడాక పై అంచు కింది అంచు దగ్గరికి వచ్చేలా తిప్పితే ఇంకో నాలుగైదు పేజీలు వస్తాయి, ఎందుకంటే లైన్లు పడినచోటే మసి పోతుంది, సందుల్లో ఉంటుంది.

ఇంత తిప్పలూ దేనికంటే, ఎక్కడో విన్న ఒక మాట అచ్చులోకి అదే రూపంలో చేరడానికి. కథ దొరకడం కష్టం కాదు ఈ ఊళ్లో. విన్న మాట దారిలో పోకుండా చూసుకోవడమే కష్టం. చెవి నుంచి గుర్తులోకి వచ్చేటప్పుడు కొంత పోతుంది. చిత్తు నుంచి సాపుకి వచ్చేటప్పుడు రాసినవాళ్లే 'శుభ్రం' చేసి కొంత పోగొడతారు. అచ్చుకూర్పులో, ప్రూఫులో ఇంకొంత.

మాటలు దొరికే చోట్లు అందరికీ తెలిసినవే. జిల్లా కోర్టు ఆవరణ వాటిలో మొదటిది. వాయిదాకి వచ్చినవాళ్లు పిలుపు కోసం గంటలు గంటలు చెట్ల కింద కూర్చుంటారు. అప్పుడు వాళ్ల మధ్య నడిచే మాట కేసు గురించి ఉండదు. గేదె ఈనిన సంగతి, బస్సు చార్జీ, అల్లుడి తాగుడు, ఇంటికి ఎప్పటికి చేరతామోననే బెంగ. వకీలుగా బతికిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) కథల్లో పోలీసూ, సారావ్యాపారీ, సాక్షీ, ముద్దాయీ అంత సజీవంగా మాట్లాడారంటే, ఆయన చెవి ఏళ్ల తరబడి ఆ వాతావరణంలో ఉండబట్టే. కోర్టు దగ్గర టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టే మనిషి పక్కన పది నిమిషాలు నిలబడితే చాలు. వచ్చినవాడు తన బాధ తన భాషలో చెబుతాడు, కాగితం మీద అది 'తమరి దయార్ద్ర పరిశీలనకు' అయి బయటికొస్తుంది. ఆ రెండు భాషల మధ్య దూరమే ఒక్కోసారి కథ.

రెండోది కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆస్పత్రి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, ఒడిశాలో కోరాపుట్, జయపురం వైపు నుంచి రోగులు వస్తారు. రోగి లోపల ఉంటాడు, వెంట వచ్చినవాళ్లు బయట క్యారేజీలతో, చాపలతో, ప్లాస్టిక్ సీసాలతో ఉంటారు. కథ బయటివాళ్ల దగ్గర ఉంటుంది. ఇక్కడ ఒక మర్యాద పాటించాలి: ఏమైందని అడగకూడదు. ఏ ఊరని అడగొచ్చు. ఊరి పేరు చెబితే మిగతాది వాళ్లకి చెప్పాలనిపిస్తే చెబుతారు. ఆస్పత్రి దగ్గర పోగుచేసుకున్న బాధని పేరూ ఊరూ మార్చకుండా కథలో పెట్టడం తప్పు, ఎంత గొప్ప కథ అయినా సరే.

మూడోది ఫిషింగ్ హార్బరు. దానికి వేళ ముఖ్యం. ఎండ ఎక్కాక వెళితే ఐసుముక్కలూ, ఖాళీ తట్టలూ కనిపిస్తాయి. తెల్లవారకముందే వెళ్లాలి. మరపడవలు ఒడ్డుకి చేరగానే సరుకు దించి, రకాలు వేరుచేసి కుప్పలు పోస్తారు. వేలంపాట మొదలవుతుంది. అది ఎంత వేగంగా సాగుతుందంటే కొత్తవాళ్లకి అంకెలు కూడా చెవిన పడవు. మొదటి రోజు ఏమీ అర్థం కాదు, రెండో రోజు ధర తెలుస్తుంది, మూడో రోజు ఎవరు ఎవరికోసం పాట ఆపేశారో తెలుస్తుంది. కథ ఆ మూడోరోజుది. గంప దించుకుని చందువకో కోనాంకో పాట పాడే ఆడవాళ్లు ఒకరినొకరు 'అప్పా' అని పిలుచుకుంటారు. ఇక్కడ అప్ప అంటే అక్క. బయటివాళ్లు రాస్తే దీన్ని తండ్రి అనుకుని చదివేవాళ్లున్నారు, కాబట్టి మొదటిసారి వచ్చినప్పుడే సందర్భంలో తెలిసేలా రాయాలి. కోనాం అనే మాట కూడా అంతే. బయట వంజరం అంటారు, విశాఖలో కోనాం. కథలో వంజరం అని రాస్తే ఆ మనిషి హార్బరు మనిషి కాకుండా పోతుంది.

ఇప్పుడు తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి వేట నిషేధం. హార్బరు అంతా కట్టేసిన పడవలే. చూడ్డానికి ఏమీ లేదని చాలామంది ఆ రోజుల్లో వెళ్లరు. నిజానికి మాటలు వినడానికి అదే కాలం. వలలు బాగుచేసుకుంటూ, చిరిగిన కళ్లు మళ్లీ అల్లుకుంటూ కూర్చున్నవాళ్లకి తీరిక ఉంటుంది. చేతులు పనిలో ఉంటాయి కాబట్టి మాట సాగుతుంది.

విన్నదాన్ని ఎలా రాసుకోవాలి? మనుషుల ముందు నోటుపుస్తకం తియ్యకూడదు. తీసిన మరుక్షణం మాట మారిపోతుంది. 'ఎలిపోనాడు' అన్న మనిషే 'వెళ్లిపోయారండి' అంటాడు. జేబులో సిగరెట్ పెట్టంత చిన్న డైరీ ఉంటే చాలు, పక్కకి వచ్చాక రాసుకోవాలి. గంట లోపల రాసుకోవాలి. గంట దాటితే అర్థం మిగులుతుంది, మాట మిగలదు. అర్థం ఎవరైనా రాయగలరు. డైరీలో పేజీకి ఒకటే మాట: అన్నది అన్నట్టు ఒక వాక్యం, అన్నదెవరు (పేరు కాదు, పని, వయసు), ఎక్కడ. డైరీ లేని రోజున సిటీబస్సు టికెట్టు వెనకాల రాసుకున్నవాళ్లు కోకొల్లలు.

ఇక ఆ మాటని అక్షరాల్లో పెట్టడం. ఉత్తరాంధ్ర పలుకుబడికి ఒక పద్ధతి ఉంది, అది పట్టుబడితే సగం పని అయినట్టే. మాట మొదట్లో 'చ' వచ్చినచోట 'స' పలుకుతుంది: సెప్పు, సూడు, సేపలు. 'వె' ఉన్నచోట 'ఎ': ఎల్లు, ఎనక్కి. 'స్త' ఉన్నచోట 'త్త': సేత్తాను, వత్తాను. ళ అంతా ల. ఏమిటి అన్నది ఏటి. నేను అన్నది నాను. త్వరగా అన్నది బేగి. అయిపోయింది అన్నది అయిపోనాది. ఇచ్చేశాను అన్నది ఇచ్చీసినాను. ఇదంతా అందరూ ఒకేలా పలకరు. జాలారిపేట మాట వేరు, గాజువాక వైపు పొలాల మనిషి మాట వేరు, అడివివరం మాట వేరు. అదే మనిషి కంచరపాలెం ఇంట్లో ఒకలా, ఆఫీసులో ఇంకోలా మాట్లాడతాడు. ఈ తేడా పట్టుకోకుండా అందరి నోటా ఒకే యాస పెడితే అది యాస కాదు, వేషం.

ఎక్కువమంది చేసే పొరపాటు ప్రతి మాటనీ మార్చడం. కళ్లు ప్రతి అక్షరం దగ్గరా తట్టుకుంటే చదివేవాళ్లు కథ వదిలేసి స్పెల్లింగు చదువుతారు. క్రియల చివర్లు, సంబోధనలు, ఏటి, బేగి లాంటి నాలుగు మాటలు కచ్చితంగా ఉంచి, తక్కినవి మామూలుగా వదిలేసినా పలుకు వినబడుతుంది. ఉదాహరణకి ఆస్పత్రి గేటు దగ్గర ఒక తల్లి అనే మాట: 'నాను బేగి ఎలిపోవాల బావూ, ఇంటికాడ పిల్ల ఒక్కత్తే ఉంది.' ఇందులో యాస పడినవి నాలుగైదు మాటలే. చాలు. దీన్ని 'నేను తొందరగా వెళ్లిపోవాలి బాబూ' అని సాపు రాస్తే విషయం ఏమీ మారదు, మనిషి మాత్రం మారిపోతుంది.

దీనికంటే పెద్ద పొరపాటు ఉంది, దాని గురించి చెప్పకుండా ఉండలేను. ఈ యాసని నవ్వించడానికి మాత్రమే వాడటం. పనిమనిషికీ, తాగుబోతుకీ, అమాయకుడికీ 'ఏటి బావూ' పెట్టి, కథానాయకుడి చేత పుస్తకాల తెలుగు మాట్లాడించడం. అమ్మని పోగొట్టుకున్న మనిషి ఏడ్చేదీ, భూమి పోయిన రైతు నిలదీసేదీ ఈ మాటల్లోనే కదా. ఆ బరువు మోయగలదని నమ్మి రాసినవాళ్ల కథలే ఇప్పటికీ నిలిచాయి.

సాపు రాసేటప్పుడు చేతికి తెలియకుండా దిద్దుబాటు జరిగిపోతుంది, బళ్లో నేర్చుకున్న చెయ్యి కదా. అందుకని ఒక చిన్న ఏర్పాటు పనికొస్తుంది. విడిగా ఒక అరఠావు మీద ఆ కథలో వాడబోయే ఇరవై, ముప్పై యాస మాటల్ని ఎలా రాయదలుచుకున్నామో ఒకే చోట రాసి ఎదురుగా పెట్టుకోవాలి. మూడో పేజీలో 'వత్తన్నాను', ఏడో పేజీలో 'వస్తన్నాను' అని పడితే ప్రూఫు చూసేవాళ్లు రెండూ తప్పే అనుకుని 'వస్తున్నాను' చేసేస్తారు. ఒకేలా ఉంటే కావాలని రాశారని తెలుస్తుంది. మొదటి పేజీ మార్జిన్లో 'సంభాషణల్లోని మాండలికం దిద్దవద్దని మనవి' అని ఒక్క లైను రాయడం కూడా మంచిదే.

ప్రయాణాల సంగతికొస్తే, దూరాలు పోనక్కర్లేదు. 900కె బస్సు ఎక్కితే బీచ్‌రోడ్డు మీదుగా భీమిలి. ఋషికొండ, తొట్లకొండ దాటాక సముద్రం ఒక పక్క, సరుగుడు తోటలు ఒక పక్క. గోస్థని సముద్రంలో కలిసేచోటు, డచ్చివాళ్ల సమాధులు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. పెద్ద ఊరు కావాల్సి చిన్న ఊరుగా ఉండిపోయిన తీరు అక్కడి పాత పెంకుటిళ్లలో కనిపిస్తుంది. ఊరు ఎందుకు పెరగలేదో తెలుసుకోవాలంటే 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకోవడం గుర్తుచేసుకోవాలి. భీమిలికి వచ్చే ఓడలు ఇటు తిరిగాయి.

కిరండూల్ వెళ్లే పాసింజరు రైలు ఇంకో రకం. కొత్తవలస దగ్గర దారి మళ్లి, శృంగవరపుకోట, బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ, తర్వాత అరకు. ఇనుప రాయి ఓడరేవుకి దించడానికి 1960ల్లో వేసిన లైను ఇది, అందుకే కిందికి దిగే రాయి బళ్ల కోసం పాసింజరు స్టేషన్లలో ఆగుతూ ఆగుతూ పైకి పోతుంది. కథ రాసేవాళ్లకి ఆ ఆగడమే లాభం. బొగదా (సొరంగం) లోపలికి బండి వెళ్లగానే మాటలు ఆగిపోతాయి, బయటికి రాగానే ఆగినచోట నుంచి కాకుండా కొత్తచోట నుంచి మొదలవుతాయి. 2017 నుంచి అద్దాల పెట్టె వచ్చింది, లోయలు చూడాలంటే అదే ఎక్కాలి. మనుషులు కావాలంటే మాత్రం జనరల్ పెట్టెలో తలుపు పక్క సీటు. సంతరోజు అయితే అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు, పనసకాయలు మనుషులతో సమానంగా ఎక్కుతాయి. నవంబరు, డిసెంబరులో వలిసె పూలు పచ్చగా పరుచుకుని ఉంటాయి. సంతలో కొలతలు కిలోల్లో ఉన్నా మాటల్లో ఇంకా సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం వినిపిస్తాయి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. కథలో ముసలమ్మ చేత అరకిలో అనిపించేముందు ఇది ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఊరు వదలకుండా ప్రయాణం చెయ్యాలంటే ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ ఉంది. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, హనుమంతవాక, అప్పుఘర్, గోపాలపట్నం మీదుగా. మొదటి పది కిలోమీటర్లు అందరూ గోవిందనామాలే. తర్వాత కాళ్లు లాగుతుంటే పక్కన నడిచే పరాయివాళ్లతో సొంత సంగతులు చెప్పుకుంటారు. తెల్లవారితే మళ్లీ ఎవరూ ఎవరికీ కనబడరు గనక నిజమే చెబుతారు. మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి క్యూలో కూడా అంతే, కానీ అక్కడ మాట తక్కువ, తోపులాట ఎక్కువ.

కథ పూర్తయ్యాక పోస్టు. పన్నెండు అరఠావులు కవరుతో కలిపి 60 గ్రాములకి అటూ ఇటూ తూగుతాయి. బరువుని బట్టి స్టాంపులు లెక్క. తూచకుండా తక్కువ అంటిస్తే తగ్గినదానికి రెట్టింపు పుచ్చుకునేవాళ్లు కట్టాలి. పత్రికవాళ్లు కట్టరు, కథ తిరిగొస్తుంది. వెనక్కి రావడానికి తగినన్ని స్టాంపులు అంటించి, సొంత చిరునామా రాసిన కవరు లోపల పెట్టాలి. దాంతోపాటు కథ స్వంతమనీ, అనువాదం, అనుకరణ కాదనీ, వేరే పత్రిక పరిశీలనలో లేదనీ హామీపత్రం. చిరునామా చివరి పేజీలో కూడా ఉండాలి, కవరు చిరిగినా కథకి దిక్కు తెలియాలి. సాయంత్రం రైల్వేస్టేషను దగ్గర ఆర్.ఎం.ఎస్. (రైల్వే మెయిల్ సర్వీసు) పెట్టెలో వేస్తే రాత్రి మెయిలుకి అందుతుందని వీధిపెట్టె వదిలేసి అంతదూరం నడిచేవారు. దీపావళి సంచికకైతే ఎండలు పూర్తిగా తగ్గకముందే పంపాలి, అక్టోబరులో పంపితే అది వచ్చే ఏడాదికి.

నకలు ఎందుకు ఉంచుకోవాలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చెప్పింది. కిటికీ అద్దాలు పోయిన ఇళ్లలో పుస్తకాలూ, రాతప్రతులూ నీళ్లలో నానాయి. రాయల్ బ్లూ సిరాతో రాసినవి కడిగేసినట్టు తెల్లకాగితాలయ్యాయి, ఎందుకంటే ఆ సిరా నీళ్లలో కరిగేదే. బాల్‌పెన్ను రాతా, కార్బన్ నకళ్లూ చాలావరకు నిలిచాయి, వాటిలో ఉన్నది నూనె, మైనం కాబట్టి. తడిసిన కాగితాల్ని ఎండలో వెయ్యకూడదు, వంకర్లు పోయి పెళుసవుతాయి. నాలుగైదు కాగితాలకి ఒక వార్తాపత్రిక ముక్క చొప్పున మధ్యలో పెట్టి, ఫ్యాను కింద నీడలో ఆరబెట్టి, ఆ ముక్కల్ని రోజుకి రెండుసార్లు మార్చాలి. ఇస్త్రీ పెట్టె జోలికి వెళ్లకూడదు. కార్బన్ రాత మీద వేడి తగిలితే మైనం కరిగి అక్షరం పక్క కాగితానికి అంటుతుంది.

ఇప్పుడు దస్తా లేదు, కార్బన్ లేదు, ఆర్.ఎం.ఎస్. పెట్టె దాకా నడక లేదు. కథ ఫోనులో రాసి మెయిల్లో పంపేస్తున్నారు. కానీ మాట పోయే చోటు ఇంకొకటి కొత్తగా వచ్చింది. 'సేత్తాను' అని కొడితే కీబోర్డు తనకు తెలిసిన మాట వేసేస్తుంది, చూసుకోకపోతే అదే వెళ్లిపోతుంది. పాత అరఠావు జాబితా పని ఇప్పుడు ఫోను నిఘంటువులో చెయ్యాలి. కీబోర్డు సెట్టింగుల్లో సొంత పదాలు చేర్చుకునే చోటు ఉంటుంది. అక్కడ ఒక్క 'సేత్తాను' చేర్చి ఊరుకుంటే చాలదు. సేత్తాను, సేత్తావు, సేత్తాడు, సేత్తాది, సేత్తారు, సేత్తన్నాను, ప్రతి రూపమూ విడివిడిగా చేర్చాలి. ఇరవై క్రియలకి ఓ గంట పడుతుంది.